పెట్టెలో లేని జమ్మికుంటన్న

ఆయన పోయిన సంగతి మా గుంపులో పెట్టింది నేనే. పెట్టి, ఎన్ని జవాబులు వస్తాయో చూస్తూ కూర్చున్నాను. సాయంత్రానికి నలభై మూడు వచ్చాయి. అంతకు ముందు ఏడాది నాకు గుండె ఆపరేషన్ అయిందని తెలిసినప్పుడు వచ్చినవి పదకొండు, అందులో రెండు ఆయన రాసినవే. పోయిన మనిషితో పోటీ ఏమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. అయినా మర్నాడు లేచి మళ్లీ లెక్కపెట్టాను, యాభై దాటాయి.

మాది మాటలు పోగేసే గుంపు. కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కున జనం నోట్లో ఇంకా మిగిలి ఉన్న మాటల్ని ఎవరికి దొరికినవి వాళ్లు ఈమెయిల్లో రాస్తారు. ఒకరు రాసింది అందరికీ పోతుంది. తర్వాత అవన్నీ తేదీల వారీగా గుంపు సైటులో ఒకచోట నిలవ ఉంటాయి, దాన్ని ఆర్కైవు అంటారు, మేం మాత్రం పెట్టె అంటాం. లోకమంతా ఫోను గుంపుల్లోకి మారిపోయినా ఓ నూరు మందిమి ఇక్కడే ఉండిపోయాం. గుంపు మొదలుపెట్టిందీ, కట్టుబాట్లు రాసిందీ, తప్పినవాళ్లను మందలించేదీ నేనే. గ్రంథాలయంలో ముప్పై ఏళ్లు పనిచేశాను, ‘నిశ్శబ్దం’ అని బోర్డు రాయించి దాని కిందే కుర్చీ వేసుకున్న మనిషిని. జవాబు రాసేవాళ్లు కింద వేలాడే పాత జాబును కోసేసి పంపాలనే కట్టుబాటు కూడా నాదే. ఒకే జాబు పదిసార్లు పెట్టెలో పడి ఉంటే నాకు పుస్తకం తప్పు అరలో పెట్టినట్టు ఉంటుంది.

ఆయన జమ్మికుంట పత్తి మార్కెట్లో ఒక అడ్తి దుకాణం, అంటే కమీషను వ్యాపారి తరఫున పత్తి నాణ్యం చూసే మనిషి. సొంతూరు ఖానాపూర్ దిక్కు. గుంపులో అందరూ ఆయన్ని జమ్మికుంటన్న అనేవాళ్లు. నన్ను సార్ అనేవాళ్లు. ఈ రెండు పిలుపుల మధ్య ఎంత దూరముందో నాకు మొదటి వారమే తెలిసిపోయింది.

ఆ మొదటి వారం ఆయన రాసింది హమాలీ తువ్వాల గురించి. పొద్దున తలకు చుట్టుకున్న తువ్వాల పొద్దుమీకేలోపు ఎన్ని పనులు చేస్తుందో, ఒక్కో పనికి దాన్ని ఒక్కో పేరుతో ఎట్లా పిలుస్తారో పదిహేను లైన్లలో రాశాడు. పైన ‘ఉత్త ముచ్చటే సార్’ అని మొదలు పెట్టాడు. ఆ తర్వాత ఏది రాసినా అదే మొదలు. ఆ జాబుకు పంతొమ్మిది జవాబులు. అదే వారం నేను రోలు, రోకలి, కుందెన, వాటి భాగాల పేర్ల మీద నాలుగు పేజీలు రాశాను. రెండు నెలలు పట్టింది నాకు ఆ నాలుగు పేజీలకు. దానికి ఒకే జవాబు వచ్చింది, దయచేసి నన్ను గుంపులోంచి తీసేయగలరు అని.

నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే గుంపులో అందరికీ కనబడేట్టు ఒక హెచ్చరిక రాశాను. పేరు పెట్టలేదు కాని ఎవరికి తగలాలో వాళ్లకు తగిలేట్టే రాశాను. ఇది నలుగురు కూర్చుని కాలక్షేపం చేసే చాయ్ హోటల్ కాదని, ఇక్కడ రాసింది పెట్టెలో శాశ్వతంగా ఉంటుందని, ఉండదగినదే రాయాలని, ఉత్త ముచ్చట్లతో జాగా నింపొద్దని. ఆయన ఒక్కడే జవాబిచ్చాడు. ‘సరే సార్. తప్పయింది. జూసుకుంట.’

ఇక రాయడనుకున్నాను. వారం తిరక్కుండా ఇంకోటి వచ్చింది, మొదటిదానికంటే బాగుంది. ఒక్కటే తేడా, అన్నిటికంటే పైన ఒక ఇంగ్లీషు లైను కనబడింది: ‘ఎక్స్-నో-ఆర్కైవ్: యెస్.’ ఆయన ఫోనులో ఏదో చెడి ఉంటుందిలే అనుకున్నాను. అప్పటినుంచి ప్రతి జాబు మీదా అది ఉండేది. ఎవరూ పట్టించుకోలేదు, అందరి కళ్లూ దాని కింద ఉన్నదాని మీదే ఉండేవి.

మా ఇంట్లో కూడా అదే తంతు. మా ఆవిడకు గుంపూ అక్కర్లేదు, మాటలూ అక్కర్లేదు. కాని వారానికోసారి వంటింట్లోంచి అడిగేది, జమ్మికుంటాయన ఏమన్న రాసిండా అని. రాస్తే కంప్యూటర్ ముందు నిలబడి చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ పోయేది. ముప్పై ఏడేళ్లలో నేను రాసింది చదివి ఆవిడ నవ్వలేదు. ఏడ్వనూ లేదు. నేను ఆయన జాబు వచ్చిన రోజే రెండుసార్లు చదివి, నా ఈమెయిల్లోంచి తుడిచేసేవాణ్ని. కళ్ల ముందు ఉంటే మనసు అటే పోయేది.

ఒకసారి ఆయనలాగే రాద్దామని చూశాను. కట్టుబాట్లు పక్కనపెట్టి, బస్టాండులో విన్న ఒక తగాదా గురించి సరదాగా పన్నెండు లైన్లు రాసి పంపాను. అరగంటలో నిర్మల్ నుంచి ఒక సభ్యుడు జవాబిచ్చాడు. సార్, మీ ఈమెయిల్ ఎవరైనా దొంగతనంగా వాడుతున్నారేమో, పాస్‌వర్డ్ మార్చుకోండి అని. జమ్మికుంటన్న మాత్రం మంచిగుంది సార్ అని రాశాడు. ఆ మంచితనం ఇంకా మండించింది నన్ను. సరే చూద్దాం అసలు ఈ మనిషి ఎట్లా ఉంటాడో అని, పత్తి మాటలు సేకరించే వంకతో ఒకరోజు జమ్మికుంట బస్సెక్కాను.

నేను ఆయన్ని కళ్లారా చూసింది ఆ ఒక్కసారే. సన్నగా, ఎత్తుగా, కనుబొమల మీద పత్తి నూగుతో ఉన్నాడు. ముదురు నీలం చొక్కా వేసుకున్నాడు, తెల్ల పింజ దాని మీద తేటగా కనబడుతుందని రోజూ అదే రంగు వేసుకునేవాడట. బండి దగ్గరకు పోయి, పైపై పత్తిని చూడకుండా మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, అడుగునుంచి గుప్పెడు తీసేవాడు. రెండు బొటనవేళ్ల మధ్య పెట్టి మెల్లగా లాగి, ఆ పింజను మోచేతి మీది చొక్కా బట్టకు ఆనించి ఒక్క క్షణం చూసేవాడు. నాణ్యం చెప్పేవాడు. చెప్పి, పింజను ఉఫ్ అని ఊదేసేవాడు. నమూనాకు దాచుకోరా అని అడిగాను. జూసుడైపాయె, చెప్పుడైపాయె, ఇంకెందుకు సార్ అన్నాడు.

ఆ రోజు ఒక రైతు తడి పత్తి తెచ్చాడు. ఇంకొకరైతే గొడవయ్యేది. ఈయన లోపలి నుంచి చెయ్యి తీసి, రైతు భుజం మీద వేసి, మెల్లగా అన్నాడు. 

“అన్నా, నీ పత్తికి సర్ది అయినట్టున్నదే.”

ముందు రైతే నవ్వాడు. తర్వాత హమాలీలు, తర్వాత చాయ్ అమ్మే ఆవిడ. రైతు తనంతట తనే బండిని ఎండకు తిప్పుకున్నాడు. పత్తికి జలుబన్న ఆ మాట నేను చిన్న నోటుబుక్కులో రాసుకున్నాను, సేకరణ కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత కరీంనగర్లో ఒక సభలో అదే మాట నా సొంతంలా వాడాను. ఒక్కరూ నవ్వలేదు. నేను చెబితే అది పత్తి తేమ గురించి సమాచారంలా వినబడిందట, మా ఆవిడే చెప్పింది.

చాయ్ తాగేటప్పుడు ఆయన నన్ను అందరికీ పరిచయం చేశాడు. గీ సారు మాకు పెద్ద, మన మాటలన్ని సారు దగ్గర పెట్టెల భద్రంగ ఉన్నయి, వంద ఏండ్లయినా పోవు అన్నాడు. వాళ్లు నాకేసి గౌరవంగా చూసి, దండం పెట్టి, మళ్లీ ఆయన వైపు తిరిగి మాట్లాడుకున్నారు. మాట్లాడుతూనే ఆయన నా భుజం మీద వాలిన పత్తి నూగు ఒక్కొక్కటే తీసి పడేస్తున్నాడు. ఎదుటివాళ్ల బట్టల మీద నూగు తీయడం ఆయన అలవాటు. బస్సెక్కేదాకా తీస్తూనే ఉన్నాడు. మంచివాడే. అందుకే మరీ కష్టంగా ఉండేది.

పోయిన ఏడాది వానాకాలం ఆయన, కాస్త అనడానికి మా దిక్కు వాడే ‘జర’ అన్న మాట గురించి రాశాడు. దానికి వచ్చినన్ని మెప్పులు మా గుంపు పుట్టాక దేనికీ రాలేదు. అందరూ నా కట్టుబాటు ప్రకారం కింద పాత జాబు కోసేసి, ఆహా అన్నా, ఏం రాసినవన్నా, కండ్లల్ల నీళ్లొచ్చినయి అని పంపారు. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు కూర్చుని ఆయన జాబును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అట్లాగే ఉంచి, ప్రతి లైను కింద నా అభ్యంతరం రాశాను. నా కట్టుబాటును నేనే తప్పాను. ఒక్క లైను కూడా తప్పించుకోకూడదన్నంత కసి నాది. ఆయన ‘థాంక్స్ సార్’ అని రెండు మాటలు రాశాడు. గుంపులో ఇంకెవరూ మాట్లాడలేదు.

ఏదో విషజ్వరమన్నారు, చలికాలంలో ఆయన పోయాడు. ఏడాది నిండబోతుండగా ఆయన బిడ్డ నాకు ఫోన్ చేసింది. వాళ్లది మెథడిస్టు క్రైస్తవ కుటుంబం, ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకున్నారు. ఆ రోజు బాపు రాసినవి నలుగురికీ చదివి వినిపించాలని ఆమె కోరిక. ఆయన ఫోను నంబరు బందైపోయింది, పాస్‌వర్డ్ ఆయనతోనే పోయింది, ఆ ఈమెయిల్ తెరుచుకోవడం లేదు. 

“మన మాటలన్ని మీ పెట్టెల ఉంటయనెటోడు సార్ బాపు. సారు దగ్గర ఉంటే పోవు అన్నడు.”

అదెంత పని, సాయంత్రానికి పంపిస్తానమ్మా అన్నాను. పెట్టె తెరిచి ఆయన పేరు కొట్టాను. మొదటి వారం రాసిన తువ్వాల జాబు, ‘తప్పయింది’ అన్న జవాబు, అంతే. ఆయన ఈమెయిల్ కొట్టాను, ఇంకేమైనా వస్తుందేమోనని. లేదు. తర్వాతివి ఏవీ లేవు, ఆరేళ్లలో రాసిన రెండు వందల పైచిలుకు జాబులు. జమ్మికుంటన్న అని కొడితే మాత్రం వందల జవాబులు వచ్చాయి. ఆహా అన్నా. మస్తుగుందన్నా. మళ్లెప్పుడు రాస్తవన్నా. పాడినవాడు లేడు, చప్పట్లు మాత్రం పేజీలకు పేజీలు ఉన్నాయి. శాశ్వతం శాశ్వతం అని ఆరేళ్లు ఊదరగొట్టిన నేను ఒక్కసారి కూడా ఆ పెట్టె వెనక్కి తిప్పి చూడలేదు.

గుంపులో అడిగాను. ఎవరి దగ్గరా లేవు. కొందరు సైటులోనే చదివేవాళ్లు, కొందరు ఈమెయిల్ నిండిపోతే పాతవి తుడిచేశారు, కొందరు పెట్టెలో ఉంటాయిలే అనే ధీమాతో తుడిచేశారు. ఎక్కడికి పోయాయో ఎవరికీ అంతుపట్టలేదు. ఒకరు సైటు చెడిపోయిందన్నారు. ఒకరు మనిషి పోతే ఆయన జాబులు కూడా పోతాయేమో అన్నారు. చివరికి నిర్మల్ సభ్యుడు నాకు విడిగా ఫోన్ చేశాడు.

“సార్, కోపం జేస్కోకుండ్రి. తాళంచెవి మీ దగ్గరనే గద ఉంటది. మీరే తీసేసిన్రా?”

నేను తీయలేదు. తీసేద్దామని చాలాసార్లు అనుకున్నాను, కాబట్టి తీయలేదని నాకు గట్టిగా తెలుసు. ఆ మాట అతనికి చెప్పలేను కదా. అందరూ అదే అనుకుంటున్నారని అర్థమైంది. మా ఆవిడ కూడా అన్నం వడ్డిస్తూ నా మొహంలోకి ఒకసారి అదోలా చూసింది.

రెండు రోజులు ఆ సైటు వాళ్ల సహాయం పేజీలన్నీ చదివాను. చివరికి ఒక మూల దొరికింది. జాబు మొదటి లైనులో ఎక్స్-నో-ఆర్కైవ్: యెస్ అని రాసి పంపితే, ఆ జాబు అందరికీ చేరుతుంది కాని పెట్టెలో దాచరు, వారం తిరిగేసరికి తీసేస్తారు. ఎదుటివాళ్లు జవాబులో ఎత్తి రాసుకున్నవి మాత్రం వాళ్లవి కాబట్టి ఉండిపోతాయి. అంటే ఆయనే కావాలని చేశాడన్నమాట. ముందు నాకు గుండె తేలికైంది. నేను దొంగను కాను. తర్వాత ఎందుకు చేశాడన్నది తోచక, ఆ ఇంగ్లీషు లైనునే పెట్టెలో వెతికాను.

ఒక్కటి దొరికింది. పంపినవారు: నేను. 

‘జర’ మీద నేను రాసిన అభ్యంతరాల జాబు అది. ఆయన రాసిందంతా, పైన ఆ లైనుతో సహా, నా విసుర్ల మధ్య చెక్కుచెదరకుండా ఉంది. ఆయన జాబులకు నా పేరుంటే ఎట్లా ఉంటుందని ఎన్నోసార్లు కలలు కన్నాను. ఇప్పుడు ఒకటి నిజంగానే నా పేరు కింద ఉంది. ఇట్లా ఉంది:

‘ఉత్త ముచ్చటే సార్. జర ఆగు అంటే ఎంతసేపు అని గీ వారమంత జూసిన.

మా దుకాణంల సేటు జర ఆగు అంటే పొద్దుమీకె దాంక.’

దాని కింద నేను: ‘జర ఉర్దూ మాట. మన పరిధిలోకి రాదు.’

‘దవఖానల నర్సమ్మ జర ఆగు అన్నదంటే సూది అప్పటికే ఇచ్చేసినట్టు. మా ఇంటామె అంటే కూర ఇంక పొయ్యి మీదికి ఎక్కలేనట్టు.’

నేను: ‘ఏ ఊరిలో, ఎవరి నోట విన్నారో ఆధారం ఇవ్వలేదు.’

‘రైతు బండి కాడ నిలవడి జర ఆగన్నా అంటే, నా చెయ్యి అడుక్కు పోవద్దని. నేను ఆగుత. కని చెయ్యి ఆగదు.’

నేను: ‘అస్పష్టం.’

‘మా బాపు మంచంల ఉన్నప్పుడు ఖానాపూర్ పోయిన. ఎన్కకు వచ్చే బస్సుకు టైం అయితున్నదని లేసిన. జర ఆగురా అన్నడు. కూసున్న. చెయ్యి పట్టుకున్నడు. బస్సు పోయింది. ఇంకో బస్సు పోయింది. బాపు కూడ పోయిండు. గా జర ఎంతసేపో నాకు ఎరుక గాలే సార్. గదొక్కటి మీరే రాసుకోండ్రి.’

నేను: ‘వ్యక్తిగతం.’

‘గీ ముచ్చట గూడ పెట్టెల ఉండదు, ఫికర్ వడకుండ్రి. ఉత్త ముచ్చట్లతోని జాగ నింపొద్దని అప్పట్ల మీరు చెప్పిండ్రు గద. నెట్ సెంటర్ ఆయన్ని అడిగితే గా పైన లైను చెప్పిండు. ఎనిమిది దినాలకు అదే పోతది. మీ రోలు రోకలి అసొంటియి ఉండాలె పెట్టెల.’

నేను: ‘గమనించాను.’

అబద్ధం. అప్పుడు నేనేమీ గమనించలేదు. అభ్యంతరాలు రాసి రాసి వేళ్లు నొప్పి పెట్టి, చివరి పేరా చదవకుండానే ఆ ఒక్క మాట పడేశాను. అసూయ కాక నాలో ఒక్క మంచిగుణం ఉన్నా ఆయన జాబులన్నీ ఉండేవి. సిగ్గుతో ఆ జాబును మొదటినుంచి మళ్లీ చదివాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా దండగ. అంత సిగ్గులోనూ ‘బాపు కూడ పోయిండు’ అన్న మాట దగ్గర, ఈ వాక్యం నాకెందుకు రాలేదని కడుపు మండింది.

నా విసుర్లన్నీ తీసేసి, ఆయన మాటలే ఒక కాగితం మీద దించుకుని, తువ్వాల జాబు కూడా పట్టుకుని ప్రార్థన రోజున జమ్మికుంట పోయాను. చిన్న ఇల్లు, బయట టెంటు, ముప్పై నలభై మంది. హమాలీలు వచ్చారు, చాయ్ అమ్మే ఆవిడ వచ్చింది. పాట, వాక్యం అయ్యాక ఆయన బిడ్డ నన్నే చదవమంది. చదివాను. తువ్వాలకు నవ్వారు, సేటు దగ్గర నవ్వారు. ఇంటామె దగ్గర ఆయన భార్య కూడా నవ్వింది. మంచం దగ్గరికొచ్చేసరికి చాయ్ అమ్మే ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నా గొంతుతో చదివినా వాళ్లకు నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది. నా జీవితంలో జనం అట్లా విన్నది ఆ ఒక్కరోజే, అదీ ఆయన రాసింది.

భోజనాలయ్యాక ఆమెను పక్కకు పిలిచి చెప్పాల్సింది చెప్పాను. తువ్వాల ముచ్చట కాక మిగిలింది ఇదొక్కటేనమ్మా, మిగతావి నా మాట పట్టుకుని ఆయనే లేకుండా చేసుకున్నాడు. ఇది కూడా నేను ప్రతి లైనుకూ వంకలు పెట్టి రాస్తే మిగిలింది. అసూయతో రాశాను, క్షమించమ్మా అన్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

“ఎరుకనే సార్. మీ జవాబు వచ్చిన్నాడు బాపుకు కండ్లద్దాలు పలిగి ఉండె. నన్ను సదువుమన్నడు, నేనే సదివిన. నాకు మస్తు కోపమొచ్చింది, ఆఖరుదాంక సదవకుంటనే ఆపిన. నీకెందుకు కోపం అన్నడు.”

“ఇంకేమన్నా అన్నాడా?”

“ఆహా అన్నోళ్లు శానా మంది బిడ్డా, లైను లైను సదివింది సారొక్కడే అన్నడు.”

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటే మళ్లీ మళ్లీ అనుకున్నాను. నా గురించి ఇంతకంటే మంచి వాక్యం ఎవరూ చెప్పలేదు, ఇక చెప్పరు కూడా. అది కూడా ఆయనే చెప్పాడు. పెట్టెలో అదీ లేదు.